పెద్దబాపు మైళ్లు

మొన్న నా ఫోనుకు ఒక మెసేజ్ వచ్చింది. ప్రియమైన సభ్యులారా, మీ మైళ్లు త్వరలో రద్దు కాబోతున్నాయి, ఒక్కసారి మా విమానంలో ప్రయాణించి వాటిని కాపాడుకోండి అని. సభ్యులు అంటే మా ఎదురింటి పెద్దబాపు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. ప్రయాణించే పరిస్థితిలో లేడు.

ఆ ఖాతాకు నా నంబరు ఇచ్చిన పాపానికి ఈ మెసేజ్‌లన్నీ నాకే వస్తాయి. పోయినసారి వచ్చినప్పుడు ఆ విమాన కంపెనీకి ఫోన్ చేసి, ఈయన చనిపోయాడమ్మా, ఖాతా మూసేయండి అని చెప్పాను. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా విచారం తెలిపి, ఖాతా మూయాలంటే సభ్యుడే స్వయంగా, నమోదైన నంబరు నుంచి మాట్లాడాలంది. నమోదైన నంబరు నాదే కాబట్టి సగం షరతు తీరింది. మిగతా సగానికి ఏం చేయాలో తోచక ఫోన్ పెట్టేశాను.

బతికున్నప్పుడూ ఆయనతో నా పని ఇలాగే నడిచింది. సగం దాకా వచ్చి ఆగిపోయేది.

పెద్దబాపు అంటే చుట్టం కాదు. వరంగల్ కాశిబుగ్గలో మా ఇంటి ఎదురిల్లు ఆయనది. ముందు గది వర్క్‌షాప్, వెనక గదుల్లో ఆయనా పెద్దమ్మా. జిన్నింగ్ మిల్లుల మెకానిక్. పత్తి నుంచి గింజను వేరుచేసే మిషన్లు ఆయన మాట వింటాయని పేరు. దసరా దాటి పత్తి రావడం మొదలయ్యాక మిల్లు ఆగిందంటే గేటు బయట బండ్లు బారులు తీరతాయి, లోపల ఓనరుకు బీపీ పెరుగుతుంది. అప్పుడు ఆయన పెద్దబాపుకు విమానం టికెట్ పంపిస్తాడు. నాగపూర్, రాజ్‌కోట్, మళ్లీ నాగపూర్. ఆ నాలుగైదు నెలలు మాకు ఆటో ఎంతో ఆయనకు విమానం అంత.

మా ఊళ్లో విమానం దిగదు. ఊరి పక్కన మామునూరులో దిగుతుందని నా చిన్నప్పటి నుంచీ వింటున్నాం, అది వేరే సంగతి. కాబట్టి నాగపూర్ పోవాలంటే ఆయన ముందు బస్సెక్కి హైదరాబాద్ పోవాలి, అక్కడి నుంచి ఊరి బయటి విమానాశ్రయానికి ఇంకో బస్సు, అక్కడ బూట్లు విప్పి, నడుము బెల్టు విప్పి, పానాలు, సుత్తెలు ఉన్న సంచీ ఎందుకు తెచ్చాడో విడమరిచి చెప్పి, గంటల తరబడి కూర్చుని, ఎగిరి, దిగాలి. నాగపూర్‌కు వరంగల్ స్టేషన్ నుంచి నేరుగా రైలుంది. ఈయన చేరే వేళకు అదీ చేరుతుంది. ఈ మాట అంటే నన్ను జాలిగా చూసేవాడు.

"ఓనరు విమానం టికెట్ పంపినంక రైల్ల పోతే ఏం మర్యాదరా?"

చూస్తే విమానం ఎక్కే మనిషని ఎవరూ అనుకోరు. చెవి వెంట్రుకల్లో ఎప్పుడూ పత్తి నూగు. మిల్లు చప్పుడులో బతికీ బతికీ మెల్లగా మాట్లాడటం మరిచిపోయాడు. ఆయన నాగపూర్‌తో మాట్లాడుతుంటే మధ్యలో ఫోన్ ఎందుకో అర్థమయ్యేది కాదు. విమానంలో ఇచ్చింది ఏదీ తినడు. బిస్కెట్లు, చక్కెర పొట్లాలు, చేతులు తుడుచుకునే కాగితాలు అన్నీ పెద్దమ్మకు తెచ్చిచ్చేవాడు. సీటు ముందు పెట్టే వాంతి సంచులు కూడా. కాగితం మంచిదట. పెద్దమ్మ వాటిలో ధనియాలు, మెంతులు పోసి పెట్టుకునేది. వంటింటి అరలో దేశంలోని విమాన కంపెనీలన్నీ వరుసగా నిలబడి ఉండేవి. ఒకసారి మా అమ్మ మెంతులు అడిగితే అలాంటి సంచిలోనే ఇచ్చింది. ఆ పూట నేను పులుసు వేసుకోలేదు.

పెద్దమ్మ మాత్రం విమానం ఎక్కలేదు. ఆమెకు కాశీ మీదా ఆశ లేదు, గోవా మీదా లేదు. నాగపూర్ మిల్లు చూడాలట. దీపావళికి ఇంట్లో ఉండనీయనంత గొప్పతనం అక్కడ ఏముందో తన కళ్లతో చూసి తేల్చుకోవాలట. అదీ విమానంలోనే పోవాలట, ఆయన పోయినట్టే. చూపిస్తా అని పెద్దబాపు ప్రతి సీజన్‌లో అనేవాడు. ప్రతి సీజన్‌లో ఆమెకు ఒక సంచి తెచ్చిచ్చేవాడు.

ఒకరోజు పొద్దున ఆయన మా ఇంట్లోకి వచ్చి, చెప్పులు విడవకుండానే నిలబడ్డాడు. నాగపూర్ మిల్లు గుమాస్తా చాయ్ తాగుతూ సంతోషంగా ఒక విషయం చెప్పాడట. అక్కడంతా ఉస్తాద్ అని పిలిచే ఈయన టికెట్లన్నీ ఇన్నాళ్లూ గుమాస్తా తన క్రెడిట్ కార్డు మీదే తీశాడట, మిల్లు డబ్బు మిల్లు ఇచ్చేసిందట, కార్డులో మాత్రం మైళ్లు, అంటే విమానం టికెట్లకు పనికొచ్చే పాయింట్లు, పోగయ్యాయట, వాటితో ఇంటిల్లిపాదీ గోవా వెళ్లొచ్చారట. అంతా మీ దయ ఉస్తాద్ అని దండం కూడా పెట్టాడట.

"ఎగిరింది నేను," అన్నాడు పెద్దబాపు, వీధి మొత్తానికి వినిపించేలా. "గోవ జూసింది ఆని అత్తగారు."

నా దగ్గరికే ఎందుకు వచ్చాడంటే దానికి నా కీర్తి కారణం. నేను ఒకప్పుడు ఏదో కార్డు చూపించి విమానాశ్రయం లాంజ్‌లో ఉచితంగా ఉప్మా తిన్నాను. ఆ ఉప్మా సంగతి మా అమ్మ ద్వారా వీధంతా పాకింది. అప్పటి నుంచి కాశిబుగ్గలో క్రెడిట్ కార్డుల విషయంలో తుది తీర్పు నాదే. మంచి మైళ్ల కార్డు ఒకటి చూడమన్నాడు. ఆ మైళ్లతో పెద్దమ్మను తీసుకుపోతాడు. గుమాస్తా అత్తగారి కంటే ముందు పోవాల్సిన మనిషి ఆమె.

టికెట్ కొనేయొచ్చు కదా పెద్దబాపూ, అంత ఖరీదేం కాదు, ఇప్పుడే ఫోన్‌లో తీస్తానన్నాను. ఆ ఒక్క మాట ఆ రోజు విని ఉంటే ఈ కథ ఉండేది కాదు, నా తల మీద ఇంకొన్ని వెంట్రుకలు ఉండేవి.

"కొంటే టికెట్ అయితది, అంతే. నేను ఎగిరిన దాంతోని ఆమె ఎగరాలె. అది నా రెక్కల కమాయి."

సరే, కార్డు వేట మొదలుపెట్టాను. మొదటి చిక్కు, ఆయనకు జీతం చీటీ లేదు. పని అయ్యాక ఓనర్లు కవరు చేతిలో పెడతారు, అదే జీతం. కవరు చూసి ఏ బ్యాంకూ కార్డు ఇవ్వదు. చివరికి ఆయన డిపాజిట్ ఉన్న బ్యాంకు వాళ్లు, డిపాజిట్ మీద ఇస్తామని కొన్ని కార్డులు చూపించారు. వాటిని పట్టుకుని నేను రోజూ సాయంత్రం ఆ వర్క్‌షాప్‌లో స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ని.

ఒక కార్డుకు లాంజ్ ఉచితం. అక్కడ తినడానికి పెడతారన్నాను. పెద్దమ్మ సద్ది కట్టిస్తుంది కదా అన్నాడు. ఇంకోదానికి పెద్ద హోటళ్లలో తగ్గింపు. ఆయన మిల్లులో పత్తి బేళ్ల మీద దుప్పటి పరుచుకుని పడుకుంటాడు, అంతకంటే మెత్తని పరుపు ఏ హోటల్లో ఉందో చెప్పమన్నాడు. మరోదానికి గోల్ఫ్ ఆట నేర్పుతారు, ఉచితంగా. దీని మీద చాలాసేపు ఆలోచించాడు.

"మంచిదే గని, కాశిబుగ్గల జోడి దొరకాలె గదా?"

వేళాకోళం అనుకున్నాను. కాదు, నిజంగానే అడిగాడు.

ఒక కార్డుకు విమాన ప్రమాద బీమా ఉందని చదివాను. అప్పటి దాకా మాకు వినపడుతూ వెనక గదిలో బియ్యం ఏరుతున్న పెద్దమ్మ చేట పక్కన పెట్టి వచ్చింది.

"విమానం కూలితే పైసలిస్తరా?"

ఇస్తారు పెద్దమ్మా, అన్నాను.

"నాకద్దు ఆ కార్డు. అది పట్టుకొని ఇంట్లకు రానియ్య."

ఆ కార్డు పోయింది. మిగిలిన వాటిలో ఒకదాని విమానాలు నాగపూర్ పోవు. ఒకదానికి ఏడాదికోసారి రుసుము. ఒకదాని మైళ్లు ఏడాదిలోపు వాడాలి. నేను కాగితం మీద గళ్లు గీసి, ఒక పక్క లాభాలు, ఒక పక్క నష్టాలు రాసి చూపించేవాణ్ని. ఆయన అద్దాలు పైకి తోసి, దాన్ని జిన్నింగ్ మిషన్ రోలర్‌ను చూసినట్టు దగ్గరగా చూసి, ఎప్పుడూ ఒకే మాట అనేవాడు. "జర ఆగు. ఇంకోటి సూద్దాం." అనేసి నాగపూర్ పోయేవాడు, గుమాస్తా టికెట్ మీద. గుమాస్తా మైళ్లు పెరుగుతూనే ఉండేవి. మా దగ్గర గళ్ల కాగితాలు పెరిగేవి. ఆ సీజన్ అలాగే అయిపోయింది. నా స్నేహితులు ఆ కాలంలో ఉద్యోగాలు మారారు, ఒకడు పెళ్లి కూడా చేసుకున్నాడు. నేను ఒక కార్డు ఎంచలేకపోయాను.

మళ్లీ దసరా వచ్చేసరికి హఠాత్తుగా తేల్చేశాడు. గళ్ల కాగితాలేవీ చూడలేదు. బ్యాంకు వాళ్ల రంగుల పేపరు తీసి ఒక బొమ్మ మీద వేలు పెట్టాడు. ఆ కార్డు మీద విమానం బొమ్మ ఉంది.

"ఇది జూస్తే దేనికో తెలుస్తది."

నా గళ్ల కాగితంలో విమానం బొమ్మ ఉందా లేదా అనే గడి లేదు. తప్పు నాదే అనుకుని దరఖాస్తు నింపాను. కార్డు వచ్చింది. నా లెక్క ప్రకారం ఇక కష్టం అయిపోయింది. ఆయన తన టికెట్ తానే ఆ కార్డు మీద తీసుకుంటాడు, ఆ డబ్బు మిల్లు వాళ్లు ఇచ్చేస్తారు, మైళ్లు ఈయనకు మిగులుతాయి. గుమాస్తా ఇన్నాళ్లూ చేసింది అదే కదా.

అసలు కష్టం ఇక్కడ ఉందని నాకు అప్పుడు తెలిసింది. ఏడాది పాటు ఆయన కార్డు ఎంచుకోలేకపోవడానికి కార్డులు కారణం కాదు. కార్డు వస్తే గుమాస్తాకు ఫోన్ చేసి, టికెట్ నేనే తీసుకుంటా, పైసలు మీరివ్వండి అని చెప్పాలి. పెద్దబాపు జన్మలో ఎవరినీ పైసలు అడగలేదు. పని ఒప్పుకునేటప్పుడు ఎంతని అడగడు. అయిపోయాక కవరు ఇస్తే, ఇచ్చినవాళ్ల ముందు విప్పి చూడడు. ఆయనకు పని నేర్పిన ఉస్తాద్ కూడా అలాగే ఉండేవాడట. బేరమాడేవాడు మిస్త్రీ కాదు, కూలి అని ఆయన నమ్మకం. మిల్లుల వాళ్లకూ ఇది తెలుసు. కాబట్టే కవరు ఎప్పుడూ బరువుగానే ఉండేది.

నేను ఊరుకుంటానా. ఆ రెండు మాటలు హిందీలో తయారుచేసి ఇచ్చాను. వర్క్‌షాప్‌లో నేను గుమాస్తానై, ఆయన ఆయనే అయి, చాలాసార్లు చెప్పించాను. నా ముందు గడగడా చెప్పేశాడు. తర్వాత నిజమైన ఫోన్ వచ్చింది. మిల్లు ఆగిందట, టికెట్ పంపుతున్నాడట. పెద్దబాపు నా వైపు చూశాడు. నేను చేత్తో కానిమ్మన్నాను. టికెట్ నేనే తీసుకుంటా, అన్నాడు. అవతలి గుమాస్తా సంబరపడిపోయాడు. ఆ తర్వాత పెద్దబాపు నోరు తెరిచాడు, మూశాడు. నాగపూర్‌కు నేరుగా వినిపించే ఆ గొంతులోంచి, మా చిన్నప్పటి నుంచి మొదటిసారి, ఏ చప్పుడూ రాలేదు. ఫోన్ పెట్టేశాడు.

రెండో మాటేదీ అన్నాను.

"ఆనికి సమజ్ కాదా? ఇస్తడు తియ్."

ఆనికి సమజ్ కాలేదు. ఉస్తాద్ ఇప్పుడు పెద్దమనిషయ్యాడు, దారి ఖర్చు తానే చూసుకుంటున్నాడు అనుకున్నాడు. పని అయ్యాక కవరు ఇచ్చారు. ఇంటికి వచ్చాక విప్పితే ఎప్పటి కవరే. అడగమని నేను, ఇస్తారులే అని ఆయన. తర్వాతి ప్రయాణం కూడా అంతే. ఆ తర్వాతిదీ అంతే. రాజ్‌కోట్ వాళ్లకు కూడా మొదటి మాటే చెప్పి వచ్చాడు. సీజన్ పొడవునా ఆ మనిషి తన డబ్బుతో విమానాలెక్కి, వాళ్ల మిల్లులు బాగుచేయడానికి వెళ్లి, మైళ్లు పోగేశాడు. ప్రపంచంలో ఎవరైనా మైళ్ల కార్డు తీసుకునేది విమానం ఖర్చు తగ్గించుకోవడానికి. ఈయనకు ఆ కార్డు వచ్చాకే ఖర్చు మొదలైంది.

ఒకరోజు ఓపిక నశించి చెప్పేశాను. పెద్దబాపూ, ఈ టికెట్లకు పెట్టిన డబ్బుతో పెద్దమ్మను ఎన్నోసార్లు తిప్పి తేవచ్చు. ఉచితం టికెట్ కోసం ఇంత ఖర్చు పెట్టినవాడు దేశంలో ఉండడు.

ఆయన రోలర్‌కు తోలు ఎక్కిస్తున్నాడు. తల ఎత్తలేదు.

"మిస్త్రీ నోరు తెరిచి అడుగుతడారా?"

కనీసం గుమాస్తా నంబరు పెద్దమ్మకు ఇస్తానన్నాను. ఆమె అడగగలదు. బస్సు కండక్టర్ దగ్గర చిల్లర, కూరగాయల బండి దగ్గర కొసరు కరివేపాకు, ఎదురింటి వాళ్ల దగ్గర సంబంధాల వివరాలు, ఏదైనా నిస్సంకోచంగా అడుగుతుంది. ఆ మాటకు పెద్దబాపు సుత్తె కింద పెట్టి లేచాడు. ఆమెకు ఇది తెలియనియ్యనని మా అమ్మ మీద ఒట్టు వేయించుకున్నాడు. మా అమ్మ అప్పుడే టీ పట్టుకుని వస్తోంది. తన మీద ఒట్లు వేయడానికి మీరెవరని ఇద్దరినీ తిట్టింది.

సీజన్ చివరికి మైళ్లు కూడాయి. ఒక టికెట్‌కు. ఒక మనిషికి, ఒక వైపుకు. వచ్చేటప్పుడు రైలే. నేను ఈ వార్త భయపడుతూ చెబితే ఆయన మాత్రం లోకం గెలిచినట్టు నవ్వాడు. ఆమెకు మైళ్ల టికెట్ తియ్, నాకు గుమాస్తా పంపుతాడు, అన్నాడు. ఎలాగూ మిల్లులో పనుంది. ఆమెకు కావలసిన మైళ్లు తానే సంపాదించాడు కాబట్టి గుమాస్తా దగ్గరికి తిరిగి వెళ్లడంలో ఆయనకు సిగ్గేమీ కనబడలేదు.

పెద్దమ్మకు నేను ముందు వరుసల్లో కిటికీ పక్క సీటు తీశాను. గుమాస్తా ఆయనకు ఎప్పటిలాగే చిట్టచివరి వరుసలో, ఇద్దరి మధ్య సీటు తీసి పెట్టాడు. మార్చడానికి నాకు వీలుకాలేదు. అందుకని ఆయనకు చిలక్కి చెప్పినట్టు చెప్పాను. కౌంటర్ దగ్గర ఆడపిల్ల ఉంటుంది. ఇద్దరం కలిసి పోతున్నాం, పక్కపక్కన ఇవ్వమ్మా అని అడుగు. ఇస్తారు. దీనికి పైసలతో సంబంధం లేదు. ఒక్క మాట. సరే అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడంటే నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

తిరిగొచ్చాక పది ఇళ్లకు వినిపించేలా చెప్పాడు. నేతవాళ్లు ఎండకు ఆరేసిన దారం కట్టల కింద నిలబడి, దోవన పోయేవాళ్లను ఆపి మరీ చెప్పాడు. మీ పెద్దమ్మ పైనుంచి గోదారి చూసింది, సన్నగా వెండి తీగ లెక్క ఉంటది, కిటికీ పక్కనే కూసుంది గదా అని. పెద్దమ్మ గడపలో నిలబడి అవునన్నట్టు తలాడించేది. మిల్లు సంగతి అడిగితే దుమ్ము అనేది, అంతే. ఆ తర్వాత నెలల తరబడి ఆయన మళ్లీ మళ్లీ అదే చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ గోదారి కొంచెం వెడల్పయ్యేది.

ఆయన పోయింది విమానంలో కాదు, మిల్లులో కాదు. ఎండాకాలంలో, పనులు లేనప్పుడు, దవాఖానలో, మామూలుగా. చెప్పుకోవడానికి ఏమీ లేనంత మామూలుగా.

దినాలకు నాగపూర్ గుమాస్తా వచ్చాడు, రైల్లో. నేరుగా ఉందన్నాడు. పెద్దమ్మ చేతిలో ఓనరు పంపిన కవరు పెట్టాడు. అప్పటికి నేను ఒట్టు పక్కన పెట్టి టికెట్ల సంగతి ఆమెకు చెప్పేశాను. మా అమ్మ అనుమతితోనే. పెద్దమ్మ కవరు అందుకుంది. అందరి ముందే విప్పింది. చూసింది.

"టికెట్ల పైసలు గూడ ఉన్నయా ఇండ్ల?"

గుమాస్తాకు తెలుగు రాదు. నేను హిందీలో చెప్పాను, అప్పట్లో ఆయనకు తయారుచేసి ఇచ్చిన రెండో మాట. ఆయన అర్థం కానట్టు చూసి, అర్థమయ్యాక రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. ఒక్క మాట అడిగితే ఆ పూటే ఇచ్చేవాళ్లం కదా, ఉస్తాద్ ఎందుకు అడగలేదు, అని నన్ను అడిగాడు. నాకు నవ్వాలో గుమాస్తాను కొట్టాలో ఫోటోలో ఉన్న మనిషిని కొట్టాలో తెలియలేదు. ఫోటోలో కూడా చెవి దగ్గర నూగు ఉంది. వారం లోపలే మిల్లు నుంచి ఆ డబ్బంతా పెద్దమ్మకు వచ్చింది. ఆమె అడిగింది కాబట్టి.

మొన్నటి మెసేజ్ వచ్చినప్పుడు నేను ఎదురింటి అరుగు మీదే ఉన్నాను. పెద్దమ్మ ధనియాలు ఎండబోస్తోంది, పక్కన ఖాళీ సంచి. ఇంతకీ పైనుంచి గోదారి అంత సన్నగా ఉంటుందా పెద్దమ్మా అని ఊరికే అడిగాను.

"నాకేమెరుక బిడ్డా. నేను సూడలే."

కిటికీ పక్కనే కదా కూర్చుంది. మరి ఏం చూసింది.

"యెనుకకు జూసిన. ఈయన చివర్ల కూసున్నడు, ఇద్దరు లావుటోళ్ల నడుమ. నిద్రపోతాండా, నీళ్లు తాగిండా అని తిరిగి తిరిగి సూసుకుంటనే దిగిన. మెడ పట్టింది." ధనియాలను చేత్తో వెడల్పుగా పరిచింది. "గోదారి సూసినవా అని దిగంగనే అడిగిండు. సూసిన అన్న. గంత కష్టపడి తీసుకపొయ్యిండు గదా."

కౌంటర్ దగ్గర అడగలేదా అన్నాను, జవాబు తెలిసి కూడా.

"ఆ పిల్ల దగ్గరికి పోయి నిలవడ్డడు. మంచినీళ్లు ఎక్కడున్నయమ్మా అని అడిగొచ్చిండు."

నాకు ఆయన మీద మళ్లీ కొత్తగా కోపం వచ్చింది. చనిపోయిన మనిషి మీద ఇంత తాజాగా కోపం రావచ్చని అప్పటి దాకా తెలియదు. ఆ ఫోన్ల ఏమొచ్చింది అని పెద్దమ్మ అడిగింది. పెద్దబాపు మైళ్లు ఇంకా కొన్ని మిగిలాయని, ఆయన్ను ఇంకోసారి విమానం ఎక్కమంటున్నారని చెప్పాను.

ఆమె నవ్వలేదు, ఏడవలేదు. కూరగాయల బండివాడితో మాట్లాడే గొంతుతోనే అంది.

"ఎక్కుతడు తియ్ గని, ఈసారన్న పక్కపక్కన ఇయ్యమని చెప్పు."